మీ మెయిల్ అందింది

వలి బాషాను నలుగురిలో నిలబెట్టి పరువు తీయాలని నేను ఒట్టు పెట్టుకున్నది నిరుడు మే నెలలో, ఒక శుక్రవారం పూట. ఆ రోజు ప్రొద్దుటూరు మైదుకూరు రోడ్డులోని నఖ్లిస్తాన్ ట్రావెల్స్‌లో కుర్చీలన్నీ నిండిపోయి, జనం మెట్ల మీద కూడా కూర్చుని ఉన్నారు. గల్ఫ్ దేశాలకు మనుషుల్ని పంపే ఆఫీసు అది. వలి బాషా దాని యజమాని, నేను అప్పటికి నాలుగేళ్లుగా అక్కడ గుమాస్తాను. ఆ జనం అందరి ముందర అతను నా టిఫిన్ క్యారియర్ తీసుకెళ్లి గడప బయట పెట్టాడు.

"దీని తమ్ముడు దొంగప్పా. పనిచ్చినోని బండి తాళాలు ఎత్తుకోని పారిపోయినాడు. అట్లాంటోళ్ల ఇంటి పిల్లను నమ్మి నేను ఆఫీసులో పెట్టుకున్యా," అన్నాడు.

నేను అడిగింది ఒక్కటే. నా తమ్ముడు నయీం ఎక్కడున్నాడని.

నయీంను సౌదీకి పంపింది వలి బాషానే. ఎడారి మధ్యలో ఒక గొర్రెల ఫారం, అక్కడ నీళ్ల ట్యాంకరు నడిపే పని. ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక ఫోన్ చేసేవాడు. నిరుడు మార్చిలో రెండో శుక్రవారం నుంచి ఫోన్ రాలేదు. వారం తర్వాత వలి బాషా తన సెల్లులో ఒక అరబ్బీ కాగితం చూపించి, నయీం మార్చి పదమూడున పని వదిలేసి పారిపోయాడని అక్కడి యజమాని ఫిర్యాదు ఇచ్చాడన్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా ఒకటే మాట. "పారిపోయినోని సంగతి నాకెట్ల తెలుస్తాదే?"

ఆ మాట ఆఫీసులోనే ఆగి ఉంటే ఓర్చుకునేదాన్నేమో. ఊరంతా తిరిగింది. బంధువుల పెళ్లిలో మా అమ్మ అఖ్తర్ బీ భోజనానికి కూర్చుంటే, పక్కనున్న ఆవిడ తన చేతి సంచిని ఒళ్లోకి లాక్కుంది. అమ్మ అన్నం ముట్టకుండా లేచి వచ్చేసింది. ఇరవై ఏళ్లుగా ఆ పేటలో ఇంటింటికీ రవికెలు కుట్టి ఇచ్చిన మనిషి ఆమె. ఆ రోజు నుంచి ఎవరింటికీ పోలేదు, కుట్టు మిషన్ మీద దుప్పటి కప్పేసింది. మేం ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూ. అమ్మ మాటల్ని ఇక్కడ తెలుగులో పెడుతున్నది నేనే. ఆ రోజు ఆమె అన్న మాట మాత్రం ఏ భాషలోనూ పెట్టలేను.

ఇక మెయిల్ సంగతి. ఆ ఆఫీసుకు మెయిల్ అనేది పెట్టిందే నేను. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ డిప్లొమా చేసి అక్కడ చేరేటప్పటికి వలి బాషాకు వాట్సాప్ తప్ప ఇంకోటి తెలియదు. సొంత పేరుతో మెయిల్ ఉంటే అరబ్బు కంపెనీలు గౌరవిస్తాయని చెప్పి, ట్రావెల్స్ పేరు మీద ఒక డొమైన్ కొనిపించాను. ఇంటర్నెట్‌లో మన చిరునామా అన్నమాట. కొనేటప్పుడు దరఖాస్తులో మెయిల్ ఐడీ అడిగితే అతనికి లేదు కాబట్టి నాదే రాశాను. ఆ అడ్రసును అతను బోర్డు మీద రాయించాడు, క్యాలెండర్ల మీద వేయించాడు, గల్ఫ్‌కు పోయే ప్రతి ఒక్కరికీ కాగితాలు పెట్టుకోమని ఇచ్చే ఆకుపచ్చ ప్లాస్టిక్ కవరు మీద అచ్చు కొట్టించాడు. బోర్డు మీద రంగుతో రాయించాడు కాబట్టి ఆ మెయిల్ ఎప్పటికీ తనదేనని అతని నమ్మకం. ఏటేటా రెన్యువల్ చేయించాలని నేను చెబితే చెవిన పెట్టేవాడు కాదు. ఆ పని కూడా ఏటా నేనే చేసేదాన్ని.

మెయిళ్లు కుప్పలుగా వచ్చేవి. నూటికి తొంభై చెత్త. "ఇవన్నీ సదువుకుంటా కూచుంటే పనెట్ల జరుగుతాది? వీసా అనో, మనుషులు కావాలనో ఉండేటివి నాకు సూపీ. మిగతావి నాకొద్దు," అన్నాడు. నేను ఒక పూట కూర్చుని ఏర్పాటు చేశాను. ఆ రెండు మాటలు లేని మెయిల్ ఎవరూ చూడకుండానే చెత్తబుట్టలో పడుతుంది. వారానికోసారి బుట్ట దానంతటదే ఖాళీ అవుతుంది. రాసినవాళ్లు నొచ్చుకోకుండా వెంటనే ఒక జవాబు మాత్రం పోతుంది: మీ మెయిల్ అందింది, త్వరలోనే స్పందిస్తాము. దాని కింద నా పేరు, ఆఫీస్ అసిస్టెంట్ అని హోదా. వలి బాషా తెగ మెచ్చుకుని అరకిలో మైసూర్‌పాక్ తెప్పించాడు. నేనూ తెగ మురిసిపోయాను.

అక్కణ్ణుంచి గెంటేశాక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా ఒక టైపింగ్ షాపులో కుదిరాను. పొద్దంతా ఎవరివో పొలాల సరిహద్దులు టైపు చేస్తూ, లోపల వలి బాషాను తిట్టుకుంటూ ఉండేదాన్ని. జనవరిలో నా సొంత మెయిల్‌కు ఒక హెచ్చరిక వచ్చింది. నఖ్లిస్తాన్ డొమైన్ గడువు ఇంకో పది రోజుల్లో తీరిపోతుంది, రెన్యువల్ చేయించుకోండి. నేను షాపులోనే పైకి నవ్వేశాను. దస్తావేజు రాయించుకుంటున్న పెద్దాయన ఉలిక్కిపడి తన పేరులో తప్పు పడిందా అని అడిగాడు.

వలి బాషాకు చెప్పలేదు. గడువు తీరింది. తీరగానే ఎవరికిపడితే వారికి అమ్మరు, పాత యజమాని కోసం కొన్నాళ్లు ఆపుతారు. రెండున్నర నెలలు రోజూ పొద్దున్నే చూసుకున్నాను. ఏప్రిల్‌లో ఒక మంగళవారం ఆ పేరు ఎవరిదీ కాకుండా అమ్మకానికి వచ్చింది. నా పేరు మీద కొనేశాను.

బోర్డు మీద అడ్రసు అలానే ఉంది. పనంతా వాట్సాప్‌లో జరిగిపోతుంటే మెయిల్ ఆగిపోయిన సంగతి అతనికి తెలియనే లేదు. నాకు మాత్రం తెలుసు, అతని బండారమంతా ఆ అడ్రసుకే వస్తుందని. విదేశీ నంబరు కనిపిస్తే అతను ఫోన్ ఎత్తడు. అందుకని మోసపోయినవాళ్లు, తిట్టదలుచుకున్నవాళ్లు అందరూ కవరు మీదున్న అడ్రసుకే రాస్తారు. అవన్నీ ఇక నాకు రావాలి. ఒక్కటి కూడా చెత్త కింద పోకూడదు. ఎవరో నడిపే మెయిల్ సర్వీసులో పెడితే వాళ్లు ఏం పారేస్తారో తెలియదు. సొంతంగా మెయిల్ సర్వర్ పెట్టుకోవాలనుకున్నాను. ఎలా పెట్టాలో తెలియదు. యశోదకు ఫోన్ చేశాను.

యశోద నా పాలిటెక్నిక్ స్నేహితురాలు. సింహాద్రిపురం దగ్గర గొర్రెలు మేపుకునే ఇంటి పిల్ల. ఇప్పుడు పులివెందులలో కాపురముంటూ ఇంట్లోంచే ఒక బెంగళూరు కంపెనీ సర్వర్లు చూస్తుంది.

"మెయిల్ సర్వరా? నీకేమన్నా తల తిరిగిందా ఏందే? ఈ కాలంలో ఎవురు పెట్టుకుంటారే సొంతంగా?"

"నేను పెట్టుకుంటా. నేర్పిచ్చు."

"మెయిల్ పంపేదానికా, తీసుకునేదానికా?"

"తీసుకునేదానికే. నేనెవురికీ ఏమీ పంపేది ల్యా."

"అట్లయితే నయం. పంపేదే శానా కష్టం. కొత్త సర్వరు పంపితే లోకంలో ఒగరూ నమ్మరు. తీసుకునేదానికి తలుపు తీసి పెట్టుకోని కూచుంటే సాలు."

ఆ తలుపు తీయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ముంబైలో ఎక్కడో ఉన్న ఒక చిన్న సర్వర్‌ను నెల అద్దెకు తీసుకున్నాను. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, ఏం కావాలన్నా టైపు చేసి చెప్పాలి. మొదట డొమైన్‌కు ఎంఎక్స్ రికార్డు రాయాలి. ఈ పేరుకొచ్చే మెయిల్‌ను ఏ సర్వర్‌కు చేర్చాలో లోకానికి చెప్పే చీటీ అది. అక్కడ సర్వర్ పేరు రాయమంటే నేను దాని నంబరు రాశాను. రెండు రోజులు చూసినా ఒక్క మెయిల్ రాలేదు. యశోద చూసి, "ఇంటి పేరు అడిగితే పిన్ కోడు రాసినావే మొద్దూ," అని తిట్టింది.

పేరు రాశాను. అయినా రాలేదు. బయటి నుంచి మెయిల్ వచ్చే దారికి ఇరవై ఐదో నంబరు పోర్టు అని పేరు. అద్దెకిచ్చిన కంపెనీ దాన్ని మూసి పెట్టింది. తెరవమని అర్జీ పెట్టుకుంటే ఎందుకని అడిగారు. ఉత్తరాలు అందుకోవడానికి అని రాశాను. పగ తీర్చుకోవడానికి అని రాయాలనిపించింది గానీ రాయలేదు.

తొమ్మిదో రోజు నా సొంత మెయిల్ నుంచి ఒక పరీక్ష మెయిల్ పంపాను. సర్వర్ తన దగ్గరికి ఎవరు వచ్చారో, ఏం చేసిందో వరుసగా రాసుకుంటుంది. ఆ చిట్టాలో నా మెయిల్ వచ్చినట్టు కనిపించింది. ఆ వెంటనే కింద ఇంకో వరుస పడింది. ఈ పేరుగలవారు ఇక్కడ లేరు. మెయిల్‌ను తిప్పి పంపేసింది. నేను అద్దె కడుతున్న సర్వరు, వలి బాషా చెప్పిన మాటే నాకు చెప్పింది. నాకు ఏడుపొచ్చేసింది. ఫోన్‌లో యశోద నవ్వింది.

"ఆ పేరు నువ్వు సెప్పితే గదా అది తీసుకునేది! ఎవురెవురు ఉండారో రాయి."

"ఎవురి పేరుతో వచ్చినా తీసుకోవాల. తప్పు పేరుతో వచ్చినా సరే."

"అట్ల గుడక కుదురుతాది. ఒగే డబ్బా పెట్టి అన్నీ దాంట్లోకే తోసేయమని రాయి. చెత్తంతా వచ్చి పడతాది, సూసుకో మళ్లా."

"పడనీ. ఒక్కటి గుడక పారేయను."

పదకొండో రోజు షాపు మూసే వేళకు పరీక్ష మెయిల్ వచ్చి డబ్బాలో పడింది. అందులో ఉన్నది రెండే అక్షరాలు, నేనే రాసుకున్న 'సరే'. దాన్ని పదిసార్లు చదువుకున్నాను. చదివిన ప్రతిసారీ వలి బాషా మొహం కళ్ల ముందు ఆడింది.

వారం తిరిగేసరికి అసలువి మొదలయ్యాయి. వలి బాషా పంపిన వడ్రంగుల్లో తొమ్మిది మందికి ఉలి పట్టుకోవడమే రాదని ఒక కంపెనీ తిట్టింది. డ్రైవరు పని అని చెప్పి పశువుల కొట్టంలో పెట్టించాడని ఒకతను శాపనార్థాలు పెట్టాడు. జమ్మలమడుగు నుంచి కువైట్‌కు ఇంటి పనికి పోయిన మెహతాబ్ అనే ఆమె ఇంగ్లీషు అక్షరాలతో తెలుగులో రాసింది: 'వలి బాషా మామా, ఈ ఇంట్లో నన్ను కొడతాండారు. వేరే ఇంటికి మార్పిస్తానంటివే. నా ఫోన్ గుంజుకున్నారు. పక్కింటామె ఫోన్‌లో రాస్తాండా. మా అమ్మ ఖమర్‌బీకి చెప్పు మామా.'

చదివి నేనేం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకున్నాను. జవాబిస్తే సంగతి వలి బాషా చెవిన పడుతుంది, అతను జాగ్రత్తపడతాడు అనుకున్నాను. ఫైలు లావయ్యే కొద్దీ నాకు సంతోషంగా ఉండేది. యశోదకు అనుమానమొచ్చి గట్టిగా అడిగితే అంతా చెప్పేశాను.

"డొమైన్ నీదే అనుకో. ఉత్తరాలు వాళ్లవి గదే. సదివినాక జవాబియ్యాల గదా ఇష్రత్."

"ఇస్తా. నా పని అయినాక ఇస్తా."

నా పనికి ముహూర్తం వలి బాషానే పెట్టాడు. జూన్‌లో రెండో శుక్రవారం నమాజు తర్వాత పులివెందులలో కొత్త బ్రాంచి తెరుస్తున్నానని ఊరూరా కరపత్రాలు పంచాడు. గల్ఫ్‌కు పోవాలనుకునేవాళ్లు ఆ రోజే వచ్చి బోణీకి పాస్‌పోర్టు ఇవ్వాలట. అంటే షామియానా నిండా జనం ఉంటారు. ఆ జనం మధ్యలో నిలబడి ఫైలంతా చదవాలనుకున్నాను. అద్దం ముందు నిలబడి చదివి కూడా చూసుకున్నాను.

దానికి రెండు రోజుల ముందు, బుధవారం మధ్యాహ్నం, సౌదీలో ఒక చిన్న ఊరి ఆసుపత్రి నుంచి మెయిల్ వచ్చింది. రాసింది సుహైలా అనే నర్సు. అందులో ఇలా ఉంది.

'నఖ్లిస్తాన్ ట్రావెల్స్ వారికి. నయీం అనే భారతీయుడు నిరుడు మార్చి పదకొండు నుంచి మా వార్డులో ఉన్నాడు. ట్యాంకరు బోల్తా పడి తలకు, నడుముకు దెబ్బలు తగిలాయి. పాస్‌పోర్టు లేదు. అతని దగ్గర దొరికింది మీ ఆకుపచ్చ కవరు, అందులో అతని పేరున్న చీటీ. మీకు నిరుడు నాలుగుసార్లు రాశాను. ఫిబ్రవరిలో రాస్తే ఆ అడ్రసే లేదని తిరిగి వచ్చింది. ఇప్పుడు అతను కొద్దికొద్దిగా మాట్లాడుతున్నాడు, ఫోన్ నంబర్లు మాత్రం గుర్తు లేవు, అందుకే మళ్లీ ప్రయత్నిస్తున్నాను. ఇంటివాళ్లు దొరికితే ఇంటికి పంపిస్తాం. ఈ నెలాఖరులోగా ఎవరూ రాకపోతే అతన్ని దూరంగా ఇంకో చోటికి మార్చేస్తారు. అక్కడ నేను ఉండను.'

నయీం బతికే ఉన్నాడు. పారిపోలేదు. నేను కుర్చీలోంచి లేచి, మళ్లీ కూర్చుని, ప్రింటు తీశాను. మూడు కాగితాలు వచ్చాయి. మొదటి దాంట్లో ఉన్నది నేను పైన రాసిన ఉత్తరం. రెండోదీ మూడోదీ అదే మెయిల్ కింద ఆమె జతచేసిన నిరుటి పాత ఉత్తరాలు, వాటికి మా ఆఫీసు ఇచ్చిన జవాబులు.

ఏప్రిల్ తొమ్మిది నాటి ఉత్తరంలో ఒక ముక్క ఉంది. 'ప్రమాదం జరిగిన మర్నాడే మీ వలి బాషా గారికి ఫోన్‌లో చెప్పానని ఇతని యజమాని మాతో అన్నాడు.' అంటే అంతా తెలిసే అతను నయీంను దొంగను చేశాడు. మంచాన పడినవాడి బాధ్యత నెత్తిన పడకుండా యజమాని పెట్టిన దొంగ ఫిర్యాదును, తెలిసి తెలిసి మాకు చూపించాడు.

ఆ ముక్క కింద జవాబు ఉంది. మార్చి ఇరవై నాటి ఉత్తరం కిందా ఉంది, మే రెండు నాటి దాని కిందా ఉంది, నన్ను గెంటేశాక వచ్చిన దాని కిందా ఉంది. నాలుగూ ఒకటే.

'మీ మెయిల్ అందింది. త్వరలోనే స్పందిస్తాము. ఇట్లు, ఇష్రత్, ఆఫీస్ అసిస్టెంట్.'

మొదటి మూడూ వచ్చిన రోజుల్లో నేను ఆ కుర్చీలోనే ఉన్నాను. తమ్ముడి ఫోన్ కోసం ఎదురుచూస్తూ, పక్కనున్న కంప్యూటర్లో తమ్ముడి సంగతి చెత్తబుట్టలో పడుతుంటే, టీ తాగుతూ ఉన్నాను. ఆ ఉత్తరాల్లో వీసా అన్న మాట లేదు. మనుషులు కావాలన్న మాట లేదు. ఏడాదిగా వలి బాషా మీద పెంచుకున్న అసహ్యమంతా ఒక్కసారిగా నా మీదికే వచ్చిపడింది. నిజం చెప్పాలంటే అది ఎంతోసేపు నిలవలేదు. గంటలోపే దాన్నంతా మళ్లీ అతని మీదికే తోసేశాను. ఆ ఏర్పాటు చేయమన్నది వాడే గదా అని నాకు నేను చెప్పుకున్నాను.

నర్సుకు జవాబు రాసి నా సర్వర్ నుంచే పంపాను. తిరిగొచ్చింది. కొత్త సర్వరును నమ్మరని యశోద ముందే చెప్పింది. నా మామూలు మెయిల్ నుంచి మళ్లీ పంపాను. గురువారం పొద్దున జవాబు వచ్చింది. శుక్రవారం మన సాయంత్రం ఐదున్నరకు వీడియో కాల్ చేస్తాను, అతన్ని కూర్చోబెట్టి ఉంచుతాను అని రాసింది.

అమ్మకు నయీం దొరికాడని చెప్పాను, ఆసుపత్రిలో ఉన్నాడని చెప్పాను. నా పేరు సంగతి చెప్పలేదు. అమ్మ చాలాసేపు ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని వచ్చి, "రేపు పులివెందులకు నేనూ వస్తాను. వాడి మొహం నేను చూడాలి," అంది.

మూడు కాగితాల్లో మొదటిదే చదవాలని నిశ్చయించుకున్నాను. మార్చి పదకొండున మంచం పట్టినవాడు పదమూడున పారిపోలేడు. నయీం పేరు నిలబెట్టడానికి అది చాలు. మిగతా రెండూ ఫైలు అడుగున పెట్టాను. చించి పారేయడానికి మాత్రం చేయి రాలేదు.

శుక్రవారం పొద్దున్నే బస్సెక్కి, దారిలో జమ్మలమడుగులో దిగి ఖమర్‌బీ ఇంటికి పోయాం. ఆమెకు మెహతాబ్ ఉత్తరం చదివి వినిపించాను.

"ఇది ఎప్పుడొచ్చింది బిడ్డా?" అంది ఖమర్‌బీ.

"ఇరవై దినాలాయ."

"ఇరవై దినాలు... ఇప్పుడు సెప్తాండావా?"

ఆమె బుర్ఖా వేసుకుని మాతో బయలుదేరింది. ముద్దనూరు మీదుగా పులివెందుల దాకా నా పక్కన సీటు వదిలేసి అమ్మ పక్కనే కూర్చుంది.

మేం చేరేసరికి దువా ప్రార్థన అయిపోయి ఖర్జూరాలు పంచుతున్నారు. షామియానా కింద రెండు వందల మంది ఉంటారు. మధ్యలో బల్ల, బల్ల మీద ఇత్తడి తాంబాళం, అందులో మల్లెపూల మధ్య నలభై దాకా పాస్‌పోర్టులు. వలి బాషా తెల్లటి పైజామా జుబ్బాలో, అత్తరు పూసుకుని, అందరికీ సలాములు చేస్తున్నాడు. నన్ను చూసి మొహం చిట్లించాడు. నేను నేరుగా బల్ల దగ్గరికి పోయి, అతని చేతిలోని మైకు తీసుకున్నాను.

"నేను నయీం అక్కను. అందరూ దొంగన్యారే, ఆ నయీం. వాని గురించి ఒక ఉత్తరం ఉంది, వినండప్పా," అని మొదటి కాగితం చదివాను. ముందు ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ముందు వరసలోని ఒక పెద్దాయన, "ఏంది బాషా ఇది? మంచాన పడినోడు పారిపోయినాడని సెప్పినావా?" అని అడిగాడు.

వలి బాషా తొణకలేదు. రెండు చేతులూ పైకెత్తాడు. "అల్లా సాక్షిగా నాకీ పొద్దే తెలుస్తాంది మామా. వాని యజమాని ఏం రాసిస్తే అది సూపిచ్చినా. ఆసుపత్రోళ్లు మెయిల్ పెట్టినారంటే నేనేం జేసేది? నాకు ఇంగ్లీషు రాదని అందరికీ తెలుసు. నా ఆఫీసులో మెయిల్ సూసేదెవురు? ఈ పాపనే గదా! అడగండి, ఈమెనే అడగండి. తమ్ముని ఉత్తరం తానే సూసుకోలేదంటే నాదా తప్పు?"

అందరూ నా వైపు తిరిగారు. అమ్మ కూడా తిరిగింది.

అవన్నీ నేను లేనప్పుడు వచ్చాయి అనొచ్చు. తేదీలు నా చేతిలోనే ఉన్నాయి, ఎవరూ చూడలేదు. అలా అంటే నేను బయటపడతాను. కానీ అతనూ బయటపడతాడు. అతనికి ఫోన్ చేసి చెప్పారన్న ముక్క ఉన్నది నా పేరున్న కాగితంలోనే. దాన్ని దాచుకుంటే ఇద్దరం మిగులుతాం. చదివితే ఇద్దరం పోతాం. అతను మిగలడం అనే మాట తలుచుకుంటేనే నా ఒళ్లు మండిపోయింది.

ఫైలు అడుగు నుంచి రెండు కాగితాలూ తీశాను.

"నిజమే. చూడాల్సింది నేనే. వీసా అని ల్యాకపోతే పారేయమని ఈయప్ప సెప్పినాడు, పారేసేటట్టు పెట్టింది నేను. మూడు ఉత్తరాలు నేనుండంగనే వచ్చినాయి. జవాబు గుడక పోయింది. నా పేరుతోనే పోయింది," అని మూడు జవాబులూ తేదీలతో సహా చదివాను. "నా తప్పు సదివినా. ఇప్పుడు ఈయప్పది వినండి." ఏప్రిల్ తొమ్మిది నాటి ముక్క చదివాను. ప్రమాదం జరిగిన మర్నాడే వలి బాషాకు ఫోన్‌లో చెప్పారన్నది రెండుసార్లు చదివాను. కాగితం తీసుకెళ్లి ఆ పెద్దాయన చేతిలో పెట్టాను.

వలి బాషా, "నా మెయిల్ నువ్వు దొంగతనంగా సదివినావు. కేసు పెడతా నీ మీద," అని అరిచాడు.

"పెట్టు మామా. బోర్డు నీది, మెయిల్ నాది. జనవరిలో నువ్వు కట్టలే, ఏప్రిల్‌లో నేను కొనుక్కున్యా. నీకొచ్చే ఉత్తరాలన్నీ ఇంగ నాకే వస్తాయి. ఇదో, ఈ ఫైలు నిండా అవే."

ఖమర్‌బీ ముందుకొచ్చి అతని జుబ్బా పట్టుకుంది. "నా కూతురు యాడుంది? కొడతాండారని రాసింది, యాడుందో సెప్పు!" ఆ కేక విన్నాక ఎవరూ కూర్చోలేదు. తుమ్మలపల్లె నుంచి వచ్చిన ఒకతను తాంబాళంలోంచి తన పాస్‌పోర్టు తీసుకున్నాడు. అతని వెనక ఇంకొకతను. పూలు కింద పడ్డాయి, తొక్కారు. నాకెంత హాయిగా ఉందో దాచుకోను. తాంబాళం ఖాళీ అయ్యేదాకా, అతని తెల్ల జుబ్బా చెమటకు వీపుకు అతుక్కునేదాకా అక్కడే నిలబడి కళ్లారా చూశాను. ఏడాదిగా కోరుకున్నది అదే.

తిరిగి చూస్తే అమ్మ కుర్చీలో లేదు. రోడ్డు మీద ఎండలో నిలబడి ఉంది. నేను చెయ్యి పట్టుకోబోతే కొంగు సర్దుకునే వంకతో తీసేసుకుంది.

ఐదున్నరకు ముందే ముగ్గురం యశోద ఇంటికి చేరాం. నేను నా ఫైలంతా యశోద ముందు పెట్టాను. మెహతాబ్ సంగతి ఎవరికి రాయాలో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో ఆమె ఖమర్‌బీని పక్కన కూర్చోబెట్టుకుని అప్పుడే మొదలుపెట్టింది. అమ్మ నాకు దూరంగా, మంచం ఆ చివర కూర్చుంది. ఫోన్ మోగింది.

తెరలో నయీం. జుట్టు తీసేసి ఉంది, బుగ్గలు లోపలికి పోయాయి, ఎడమ కన్ను సగం మూసుకుని ఉంది. వెనక దిండ్లు పెట్టి కూర్చోబెట్టారు. అమ్మను చూసి ఏడ్చాడు. ఆమె తెర మీద చేత్తో తడుముతూనే ఉంది. తర్వాత నన్ను వెతికాడు. మాటకూ మాటకూ మధ్య ఆగుతూ మాట్లాడాడు.

"ఆపా... నువ్వు జవాబు రాసినావంట గదా. నాలుగుసార్లు. ఈ నర్సు నాకు చదివి వినిపించేది. అప్పుడు నాకు మాట రాదు, వినపడేది. ఇష్రత్ అంటే మా ఆపానే అని చెప్పాలని ఉండేది. మొన్న మాట వచ్చినాక చెప్పినా. ఆమె నమ్మలేదు." కాస్త నవ్వాడు. "నువ్వు చూసినావని తెలుసు గాబట్టే... ఓపిక పట్టినా. మా ఆపాకు అందింది, వస్తుంది అనుకుంటా పండుకుంటి."

అవునని తల ఊపితే సరిపోయేది. వాడు అదే అడుగుతున్నాడు. నేను ఊపబోయాను కూడా.

అమ్మ ఫోన్‌ను నా మొహానికి ఎదురుగా జరిపి పట్టుకుంది. పులివెందులలో దిగినప్పటి నుంచి ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట అది.

"రెండు వందల మందికి చెప్పినావు గదా," అంది. "వీడికి కూడా చెప్పు."

నేను మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.